ఏడో కిటికీ మీది మొహం

కెర్మోవాల్ భవంతిలో ఒక మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి. పద్ధెనిమిదో శతాబ్దంలో ఓడల యజమాని ఒకడు ఫ్రాన్సులోని నాంత్ రేవులో, లువార్ నది ఒడ్డున కట్టించుకున్న ఇల్లు అది. ఇసుకలో దిగేసిన దుంగల మీద కట్టడం వల్ల రానురాను ఎడమపక్కకి ఒరిగింది. ఒరిగిందే గాని కూలలేదు. "మా ఇల్లు తాగినవాడిలా నిలబడుతుంది, పడదు" అని అందులో కాపురముండేవాళ్ళు గొప్పలు పోతారు. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడాల జాబితాకెక్కించి ఎనభై ఏళ్ళు దాటింది. అప్పటినుంచి కిటికీ రంగు మొదలుకొని గుమ్మం గొళ్ళెం దాకా ప్రతిదానికీ ఒక కాగితం, ప్రతి కాగితానికీ ఒక ముద్ర.

మొదటి అంతస్తులో వీధివైపు ఏడు కిటికీలు, ఏడు కమానులు. ఒక్కో కమాను నడినెత్తిన ఒక్కో రాతి మొహం. ఒకడు బుగ్గలు పూరించి గాలి ఊదుతుంటాడు, ఒకతె ద్రాక్షగుత్తులు తలకు చుట్టుకుని నవ్వుతుంటుంది, ఏడోవాడు గడ్డాల సముద్రుడు. ఆ సముద్రుడి కమానులో ఎప్పుడో దిగ్గొట్టిన ఇనప బంధం తుప్పుపట్టి, ఉబ్బి, పక్కరాళ్ళని చీలుస్తోందని కిందటేడు తేలింది. రాయి దింపి, ఇనుము మార్చి, మళ్ళీ ఎక్కించాలి. ఉలి మాత్రం మొహానికి తగలకూడదని ఉత్తర్వు. ఆ పని యూలాలి చేతికొచ్చింది.

యూలాలికి నలభై ఎనిమిదేళ్ళు. కరీబియన్ సముద్రంలోని గ్వాదెలూప్ దీవిలో పుట్టి, ఆరేళ్ళప్పుడు తల్లి వెంట ఓడదిగి ఈ ఊరొచ్చింది. పద్ధెనిమిదో ఏట ఉలి పట్టింది, ఇంతవరకూ దించలేదు. నల్లపిల్ల, పైగా ఆడపిల్ల, రాతిపనేం చేస్తుందన్న మేస్త్రీలు చాలామంది తర్వాత ఆమె కింద పనిచేశారు. మాట తక్కువ. పట్టు మాత్రం ఉడుంపట్టు.

సోమవారం పొద్దున్న పరంజా మీద ఆమె, ఫాంష్ కెమెనెర్ ఇద్దరే ఉన్నారు. ఫాంష్ ఆ పడమటి తీరపు బ్రెతోన్ జాతివాడు, అరవై రెండేళ్ళ మేస్త్రి. పని ఒప్పుకున్న చిన్న కంపెనీకి యజమాని, ముఠామేస్త్రి, తిట్లు తిట్టేవాడు, అన్నీ ఆయనే. కమాను కింద ఊతకర్రలు బిగించారు. నూట అరవై కిలోల రాయికి పట్టీలు చుట్టి చైన్‌పుల్లీ తగిలించారు.

"మెల్లిగా లాగు ఫాంష్. బస్తా కాదది."

"నువ్వు పుట్టకముందునించి లాగుతున్నానే ఈ చైను. ఎలా లాగాలో నాకు చెప్పకు, నీ వైపు పలుగు చూసుకో."

రాయి కిర్రుమంటూ జానెడు ముందుకొచ్చింది. వెంటనే దాని వెనకనుంచి ఇసుక రాలింది. పిడికెడు కాదు, చేటెడు కాదు, ధారగా పోసుకొచ్చి ఇద్దరి బూట్లనూ కప్పేసింది. సన్నని, పొడి, జల్లించిన నది ఇసుక.

"ఇదేం కర్మరా నాయనా!" అన్నాడు ఫాంష్. "కమాను వెనకాల ఇసుక పోసిన వెధవ ఎవడు? ఆనాడు ఊళ్ళో సున్నానికి కరువొచ్చిందా?"

యూలాలి వంగి ఆ ఇసుకని గుప్పిట్లోకి తీసుకుని చూసింది. ఇసుక పోసినవాడు వెధవ అయ్యుంటే ఆ కమాను ఇన్నేళ్ళు నిలబడేది కాదు. రాయిని పూర్తిగా బయటికి లాగి, పలకల మీదికి దింపి, వెనకవైపు ఎలా ఉందో చూద్దామని తిప్పారు.

వెనకవైపు ఇంకో మొహం ఉంది.

ఆడమనిషి మొహం. తలకి గుడ్డ చుట్టుకుంది, ముడి ఎడమ చెవి మీదికి వాలింది. చెవికి పెద్ద రింగు. వెడల్పు ముక్కు, నిండు పెదవులు, కనుబొమల మధ్య ఒక చిన్న ముడత. తక్కిన ఆరు మొహాల్నీ రెండున్నర వందల ఏళ్ళ వానలు నాకి నాకి కొబ్బరిచిప్పల్లా చేసేశాయి. ఈమె మీద చుక్క నీరు పడలేదు. బుగ్గ మీద ఉలి జాడలు నిన్న చెక్కినట్టున్నాయి. ఆ ముడత ఊహించి చెక్కేది కాదు. ఆ శిల్పి ఎవరినో ఎండలో నిలబెట్టుకుని, ఆమె కళ్ళు చిట్లించి చూస్తుంటే చెక్కాడు.

ఫాంష్ టోపీ తీశాడు. యూలాలికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, ఏడుస్తున్నానని తెలిశాక మళ్ళీ కోపం వచ్చింది. ఈ రేవునుంచి బయల్దేరిన ఓడలు ఆఫ్రికా తీరానికి ఏం కొనడానికి వెళ్ళేవో, దీవులకి ఏం మోసుకెళ్ళి అమ్మేవో ఈ ఊళ్ళో బడికెళ్ళిన వాళ్ళందరికీ తెలుసు. మనుషుల్నని తెలుసుగాని ఆ మాట ఎవరి నోటా రాదు. పంచదార వ్యాపారం అంటారు. ఇదుగో ఆ పంచదార, చెవికి రింగు పెట్టుకుని.

అప్పుడే ఆ కిటికీ తలుపులు తెరుచుకున్నాయి. ఆ గదిలో ఉండేది మదామ్ జెగు, ఎనభై ఒకటో ఏడు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడం మానేసింది గాని లోకం సంగతులన్నీ ఆ కిటికీనుంచే నడిపిస్తుంది.

"ఏమ్మా, నా గడ్డపాయన్ని ఏం చేస్తున్నారు? ఉప్పువెన్న బిస్కెట్లు తెచ్చాను, కాఫీ... అయ్యో తల్లీ! ఎవరీవిడ?"

"మీ గోడలోనే ఉంది మదామ్," అంది యూలాలి. "మొహం మీ గదివైపు పెట్టి."

ముసలామె పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టేసింది. "నలభై మూడేళ్ళు నా మంచం ఈ గోడకేసే ఉంది కదమ్మా. నేను పడ్డ పోట్లాటలన్నీ వినే ఉంటుంది," అని చాలాసేపు ఆ మొహాన్నే చూసింది.

*

కబురు అందుకుని మస్యే ఎర్వే ద కెర్మోవాల్ పావుగంటలో పరంజా ఎక్కాడు, మెరుగుపెట్టిన బూట్లతో, నిచ్చెన మెట్టు మెట్టుకీ గొణుక్కుంటూ. ఇల్లు ముక్కలై పద్నాలుగు కుటుంబాల చేతుల్లోకి పోయినా, కట్టించినవాడి వంశంలో ఆయన ఒక్కడే ఇంకా ఇక్కడున్నాడు. ఇంటివాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ముప్పై ఎనిమిదేళ్ళు నోటరీగా దస్తావేజులు రాసి రిటైరయ్యాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. మెట్ల మీద ఎదురైతే పనివాళ్ళకి తప్పుకుని దారి ఇస్తాడు, ఆ తర్వాత వాళ్ళ బూట్ల మట్టి గురించి సంఘానికి ఉత్తరం రాస్తాడు.

మొహాన్ని చూసి ఆయన తేలుకుట్టిన దొంగలా అయ్యాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "చాలా బాగా చెక్కాడు. ఫోటోలు తీయించండి. నేనే స్వయంగా మ్యూజియానికి పంపిస్తాను. తర్వాత రాయి ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేయండి."

"ఎలా ఉన్నదాన్ని అలా అంటే?"

"అలా అంటే అలాగే. సముద్రుడు బయటికి. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేది అదేనమ్మా, ఆరుగురు చిల్లర దేవతలు, ఏడోవాడు సముద్రుడు."

"ఈవిడ సంగతి ఎవరూ చెప్పుకోలేదా మీ ఇంట్లో?"

"లేదు."

"ఈ రాయిని వెనక్కి తిప్పించింది ఎవరో?"

"ఎక్కడా కాగితం లేదు. ఈ ఇంటి కాగితాలన్నీ నేనే సర్దాను. కాగితం లేనిది లేనట్టే." ఆయన గొంతు తగ్గించాడు. "చూడండి, నేను మీకోసమే చెబుతున్నాను. దీన్ని వీధిలో వేలాడదీస్తే అవమానం ఎవరికి? మీవాళ్ళకే కదా."

"అవమానపడడం సంగతి నేను చూసుకుంటాను మస్యే," అంది యూలాలి. "చూడడం సంగతి మీరు చూసుకోండి."

ఫాంష్ దగ్గొచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు. కెర్మోవాల్ నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు.

*

రక్షిత కట్టడాల తరఫున చూసే ఆర్కిటెక్టు మదామ్ తిస్సో గురువారం వచ్చింది. పొట్టిగా, జేబునిండా పెన్సిళ్ళతో ఉండే మనిషి. రాయి చుట్టూ మూడుసార్లు తిరిగింది, వేలితో తాకకుండా. ఆడమనిషి మొహం ఇల్లు కట్టినప్పటిది, గడ్డం దానికి దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాతిది అని తేల్చడానికి ఆమెకి అరగంట పట్టింది. గడ్డం చెక్కిన పళ్ళ ఉలి జాడలు, మరలో పోతపోసిన ఇనప బంధం, అవన్నీ ఆ కాలానివే.

"దీవుల్లో బానిసత్వం రద్దయిన తర్వాతి కాలం కావచ్చు," అంది. "అప్పట్లో ఇలాంటి బొమ్మల్ని చూసి తలదించుకున్న ఇళ్ళవాళ్ళు కొందరు ఉండుంటారు. ఊహే. రాత లేదు."

"మరేం చేస్తారు?" అన్నాడు కెర్మోవాల్.

"మా నియమం మీకు తెలిసిందే. చివరిసారిగా తెలిసిన రూపం. కట్టడాన్ని ఆ రూపానికే తేవాలి."

"అంటే గడ్డం."

"అంటే గడ్డమే అనుకోవాలి."

యూలాలి అప్పటిదాకా ఒక మూల నిలబడి ఉంది. గోడలో ఖాళీ అయిన గుంత దగ్గరికి వాళ్ళిద్దర్నీ రమ్మంది. టార్చి వేసి లోపల చూపించింది.

"ఈ గుంత చూడండి. మామూలుగా రాయి తిప్పి వాడుకోవాలంటే ముందు పాత మొహాన్ని కొట్టేస్తాం. ఎత్తుపల్లాలుంటే గోడలో కుదరదు. మెత్తటి తెల్లరాయి ఇది, సుత్తి దెబ్బలు నాలుగు పడితే పావుగంటలో చదునైపోతుంది. ఆ మేస్త్రి అలా చెయ్యలేదు. ఆవిడ మొహం పట్టేటట్టు గోడని తొలిచాడు. ముక్కుకి చోటు, తలగుడ్డ ముడికి చోటు. రెండు రోజుల పని. పావుగంటలో అయ్యేదానికి రెండ్రోజులు పడ్డాడు."

"మంచి పనివాడు," అన్నాడు కెర్మోవాల్.

"ఇంకా ఉంది. తర్వాత సందులో ఏం నింపాలి? సున్నం. మేస్త్రి అన్నవాడెవడైనా సున్నమే నింపుతాడు. సున్నం పోస్తే మొహానికి కరుచుకుపోతుంది, మళ్ళీ తియ్యాలంటే చర్మం ఊడొస్తుంది. అందుకని ఈయన ఇసుక పోశాడు. జల్లించి, ఎండబెట్టి పోశాడు. చుట్టూ అంచులకి మాత్రం సున్నం పెట్టి బిగించాడు, ఇసుక జారిపోకుండా." యూలాలి గుంత అంచున మిగిలిన సున్నం గీతని వేలితో చూపించింది. "సున్నం పెట్టామంటే మూసేశామని. ఇసుక పోశామంటే మళ్ళీ తీస్తామని. మా పనిలో దానికి ఇంకో అర్థం లేదు. ఎవరో ఆయనకి ఈ మొహం కనబడకూడదని చెప్పారు. సరేనన్నాడు. కనబడకుండా దాచాడు. చంపలేదు."

ఫాంష్ ముందుకొచ్చాడు. "నిజమే మదామ్. సోమవారం నేను వాణ్ణి వెధవన్నాను. తప్పయిపోయింది, చెంపలేసుకుంటున్నాను."

ఆర్కిటెక్టు ఆ గుంతలోకి చేయి పెట్టి, ముక్కుకోసం తొలిచిన చోటుని తడిమి చూసింది. తర్వాత పెన్సిలు తీసి ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.

"నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకంతో నియమం మారదు. రాజధానిలో మా రక్షిత కట్టడాల సంఘానికి నివేదిక పంపితే జవాబుకి పద్ధెనిమిది నెలలు. అంతకాలం కమానుని ఊతకర్రల మీద ఉంచలేం, ఇల్లసలే వాలి ఉంది. రేపు సాయంత్రానికి రాయి ఎక్కాలి. రెండు వైపులా పాతవే, కొత్తగా ఉలి తగలడం లేదు కాబట్టి సంఘం తేల్చేదాకా తాత్కాలికంగా ఏ వైపు పెట్టినా నేను అభ్యంతరం చెప్పను. ఎటన్నది ఇంటివాళ్ళ ప్రతినిధి చెప్పాలి."

"చెప్పేశాను కదా," అన్నాడు కెర్మోవాల్. "ఉన్నట్టే."

"పద్ధెనిమిది నెలల తర్వాత మా సంఘం వేరేగా అంటే మారుద్దాం," అంది మదామ్ తిస్సో.

ఆ మాటకి ఫాంష్ నవ్వాడు. ఈ ఇంట్లో తాత్కాలికంగా పెట్టిన రేకు తలుపుకి ముప్పై ఏళ్ళు.

*

మధ్యాహ్నం ఇద్దరూ నది గట్టు మీద కూర్చుని, సాసేజి చుట్టిన గాలెట్ అట్లు తిన్నారు. వాన తుంపర పడుతోంది. ఫాంష్ తన అట్టు తినేసి యూలాలి ముట్టని అట్టుకేసి చూశాడు.

"తినవే. ఆకలితో ఉంటే ఆవిడేమైనా బయటికొస్తుందా?"

"నేను పెట్టను ఫాంష్."

"ఏది, అట్టా?"

"రాయి. ఆవిడ మొహం గోడలోకి తిప్పి నా చేత్తో పెట్టను."

ఫాంష్ తన అట్టు కాగితం ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు పెట్టకపోతే నేను పెట్టాలి. నాకు నడుం లేదు. నేనూ పెట్టకపోతే ఇంకెవరో వస్తారు, ముందువెనకలు చూడకుండా సున్నం పోసి పోతారు. అది కావాలా నీకు?"

"అక్కర్లేదు."

"మరి? నువ్వయితే కనీసం ఇసుక పోస్తావు. ఆ ముందువాడిలా."

"ఆయన ఆనాడు చెయ్యగలిగిందంతా చేశాడు. దాచడం ఆయన వంతు. నేనూ దాచిపెట్టి పోతే, ఇంకో నూట డెబ్బై ఏళ్ళకి ఇంకెవరో తీసి, అబ్బ ఎంత మంచి పనివాళ్ళు అని ఏడుస్తారు." ఆమె అట్టు అందుకుంది. "ఆవిడ ఎదురుచూసింది చాలు."

"ఆ నోటరీని ఎలా ఒప్పిస్తావు? గోడకి చెప్పుకోవడం నయం."

"నేనేం ఒప్పించను. రాయిస్తాను."

ఫాంష్‌కి అర్థం కాలేదు. ఆమె అట్టు తింటూ ఆలోచిస్తోంది కాబట్టి మళ్ళీ అడగలేదు.

రక్షిత కట్టడం మీద చేసే ప్రతి పనికీ చివర ఒక నివేదిక ఉంటుంది. ఏ రాయి, ఏ రోజు, ఏ ఇసుక, ఏ సున్నం, ఎవరు చేశారు, ఎవరు చెయ్యమన్నారు. మూడు ప్రతులు. ఒకటి ఇంట్లో, ఒకటి జిల్లా దస్త్రాల్లో, ఒకటి రాజధానిలో. సాధారణంగా రాతిపనివాళ్ళు ఆ నివేదికని తిట్టుకుంటూ రాస్తారు. ఆ రాత్రి యూలాలి తిట్టుకోకుండా రాసింది.

శుక్రవారం పొద్దున్న పదింటికి కెర్మోవాల్ వాకిట్లోకి వచ్చేసరికి రాయి చైనుకి వేలాడుతూ ఉంది, పక్కకి తిరిగి, ఒక మొహం ఎడమకీ ఒక మొహం కుడికీ. ఆర్కిటెక్టు గొడుగు పట్టుకుని నిలబడింది. యూలాలి అట్టకి బిగించిన కాగితం ఆయన చేతికిచ్చింది.

"మీ సంతకం కావాలి మస్యే. అది లేందే ఎక్కించకూడదట, మదామ్ తిస్సో చెప్పారు."

"ఇవ్వండి, ఇవ్వండి," అని ఆయన కలం తీశాడు. వృత్తి ధర్మం కదా, చదవకుండా సంతకం పెట్టడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

కాగితంలో ఇలా ఉంది: *ఏడవ కమాను మధ్యరాయి. దాని మీద, ఇల్లు కట్టిననాడు చెక్కిన ఆఫ్రికన్ స్త్రీ మొహం చెక్కుచెదరకుండా బయటపడింది. ఈ రోజు దానిని తిరిగి గోడలోకి తిప్పి మూసివేయడమైనది. అలా చేయవలసిందిగా ఆదేశించినవారు: ఎర్వే ద కెర్మోవాల్, ఇల్లు కట్టించిన వారి వంశస్థులు.*

"ఇదేమిటి, ఇలా రాశారు?"

"జరగబోయేది రాశాను. తప్పుందా?"

"తప్పని కాదు. ఇలా ఎవరు రాస్తారు? 'రాయిని ఉన్నట్టే తిరిగి అమర్చడమైనది' అని రాయండి, సరిపోతుంది."

"రాస్తాను. ఏది ఉన్నట్టు? రెండు వైపులా మొహం ఉంది మస్యే."

"నా పేరెందుకు ఇందులో?"

"చెప్పింది మీరు కదా. కిందటిసారి చెప్పినాయన పేరు ఎవరూ రాయలేదు. అందుకే ఆయన లేనట్టే అయిపోయాడు, మీరే అన్నారు. ఈసారి అలా కాకూడదు. ఎప్పుడో ఎవరో మళ్ళీ ఈ రాయి తీస్తారు, వాళ్ళకి తెలియాలి." ఆమె గొంతులో వెటకారం లేదు, అదే ఆయనకి కష్టమైంది. "మీ ఇష్టం. సంతకం పెట్టండి, ఇప్పుడే గోడలోకి తిప్పుతాను. ఇసుక జల్లించి పెట్టాను. ఒక్క గీత పడకుండా పెడతాను, మాటిస్తున్నాను."

ఫాంష్ చైను పట్టుకుని నిలబడ్డాడు. వీధిలో ట్రామ్ వెళ్ళింది. కెర్మోవాల్ ఆర్కిటెక్టు వైపు చూశాడు, ఆమె గొడుగు అంచునుంచి కారుతున్న నీళ్ళని చూసుకుంటోంది.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన జనంచేత సంతకాలు పెట్టించాడు. అన్నదమ్ములు విడిపోతుంటే, విధవలు ఇళ్ళమ్ముకుంటుంటే, "కింద సంతకం, ప్రతి పేజీ మీదా పొడి అక్షరాలు" అన్నాడు. కాగితం మీద పడ్డ పేరు మనిషికన్నా ఎక్కువకాలం బతుకుతుందని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు? కలం కాగితం మీద ఆనించాడు. ఆనించి అలాగే ఉండిపోయాడు. సిరా చుక్క ఊరి పెద్దదైంది.

"ఆ మొహంలో..." అని మొదలుపెట్టి ఆగాడు. "ఆ కనుబొమల మధ్య ముడత ఎందుకు చెక్కాడంటారు?"

"ఎండ కళ్ళలో పడుతుంటే నిలబెట్టి ఉంటారు."

"ఈ వాకిట్లోనా?"

"నాకు తెలీదు. కావచ్చు."

ఆయన వాకిట్లో చుట్టూ చూశాడు, అక్కడ మొదటిసారి అడుగుపెట్టినవాడిలా. తర్వాత కాగితాన్ని గోడకి ఆనించి రెండు వాక్యాలు కొట్టేశాడు. నోటరీ కొట్టివేత, గీత గీసి, పక్కన పొడి అక్షరాలు వేసి, *రెండు వాక్యాలు రద్దు* అని అంచున రాసి. కింద తన చేతిరాతతో ఇంకొక వాక్యం రాశాడు: *మొహాన్ని వీధివైపు పెట్టవలసిందిగా ఆదేశించినవారు: ఎర్వే ద కెర్మోవాల్, ఇల్లు కట్టించిన వారి వంశస్థులు.* వంశస్థులన్న మాట తీసేయొచ్చు. తియ్యలేదు. సంతకం పెట్టాడు.

"మా సంఘంలో పద్నాలుగు కుటుంబాలు నామీద పడతాయి," అన్నాడు కాగితం తిరిగిస్తూ.

"పడితే నన్ను పిలవండి," అంది యూలాలి. "ఇసుక సంగతి వాళ్ళకీ చెబుతాను."

*

రాయి ఎక్కించేసరికి నాలుగైంది. గడ్డపాయన మొహానికి గోడలో కొత్త చోటు తొలవడానికే పొద్దంతా సరిపోయింది, ఆడమనిషి మొహానికన్నా గడ్డం పొడుగు. కొట్టేస్తే తొందరగా తెమిలిపోయేదన్నాడు ఫాంష్, అని తనే నాలిక కరుచుకున్నాడు. తుప్పుపట్టని కొత్త బంధం వేసి, ఇసుక పోసి, అంచులకి సున్నం పెట్టి, చైను వదులు చేశారు. కమాను బరువు అందుకుంది. ఇద్దరూ కాసేపు చెవులొగ్గి విన్నారు. చిటపటమని చప్పుడేమీ రాలేదు.

యూలాలి కిందికి దిగేసరికి వీధిలో మదామ్ జెగు నిలబడి ఉంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, రాత్రి గౌను మీద వానకోటుతో, మెట్ల కమ్మీ పట్టుకుని ఎంతసేపు దిగిందో. ఎనిమిది నెలల తర్వాత వీధి మొహం చూసింది.

"ఇంట్లోంచి ఆవిడ కనబడదమ్మా," అంది. "అందుకని దిగాను."

ఇద్దరూ తలెత్తి చూశారు. పడమటి వెలుతురు తిన్నగా వచ్చి ఆ మొహం మీద పడుతోంది. వాన వెలిసింది గాని తలగుడ్డ ముడినుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. దారిన పోయేవాళ్ళు కొందరు ఆగారు, కొందరు ఆగలేదు.

"ఏదైనా మంచి పేరు పెట్టాలి," అంది ముసలామె. "రోజూ పలకరించాలంటే పేరుండాలి కదా. ఏం పెడదాం? నువ్వే పెట్టు, నీకే హక్కు."

యూలాలి తల అడ్డంగా ఊపింది.

"మా ఇంటిపేరు మార్దీ. మీకు తెలుసుగా."

"తెలుసు. మంగళవారం. నవ్వొచ్చే పేరు."

"మా తాతల్లో బానిసత్వం నుంచి విడుదలైనాయన రిజిస్టరు ముందు నిలబడితే, ఇంటిపేరు లేదు కదా, ఏం రాయనూ అని గుమాస్తా కేలండరు చూశాట్ట. ఆ వేళ మంగళవారం. వెనకాల నిలబడ్డవాళ్ళందరికీ అలాగే, ఏది తోస్తే అది." యూలాలి ఆ రాతి మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. "ఆయనకి అంతకుముందు ఒక పేరుండేది. వాళ్ళమ్మ పెట్టింది. ఈవిడకీ ఉండేది మదామ్. మనకి తెలీదు. తెలీకపోతే తెలీదనే ఉండనిద్దాం, మనం ఇంకోటి తగిలించొద్దు."

ముసలామె వానకోటు బొత్తాలు సరిగా పెట్టుకుని, జుట్టు సవరించుకుని, తలెత్తి పైకి చూసింది.

"బొంజూర్ మదామ్," అంది.